కీమోపోర్ట్, పిక్ లైన్: పెట్టించే ముందు నుంచి తీయించే రోజు దాకా

మా అమ్మకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్‌లో కీమో మొదలైంది. రెండో విడతకు వెళ్లేసరికి కుడిచేతి నరం మణికట్టు నుంచి మోచేతి దాకా తాడులా గట్టిపడి, పైన చర్మం నల్లబడి ఉంది. ఆ రోజు సిస్టర్ ఐదుసార్లు గుచ్చింది, ఆరోసారి దొరికింది. అమ్మ ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం డాక్టర్ వచ్చి "పోర్ట్ పెట్టిద్దాం" అన్నారు. ఆ మాట మొదటి విడతకు ముందే అని ఉంటే అన్ని పోట్లు తప్పేవి కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ పోర్ట్, అంటే కీమో ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న డబ్బీ, అమ్మ ఛాతీలో ఇరవై నెలలు ఉంది. ఒకసారి తెలియని చేతిలో పడి పాడైపోయేదే. ఇంకోసారి దాని దగ్గర నుంచే ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో పడ్డాం. ఆ రెండు అనుభవాలు నేర్పినవీ, డే కేర్ (కీమో ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే వార్డు) సిస్టర్లను అడిగి అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. సూది గుచ్చడం, మందు ఎక్కించడం శిక్షణ ఉన్నవాళ్ల పని. వాళ్లు చేస్తున్నప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలి, ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి అన్నది మన పని. ఈ రాత ఆ రెండో పని గురించి.

అసలు ఎందుకు

చేతి మీద కనిపించే నరాలు సన్నవి, వాటిలో రక్తం నెమ్మదిగా పారుతుంది. ఘాటైన కీమో మందు అక్కడ పడితే నరం గోడను కాలుస్తుంది. డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటివి నరం దాటి బయట కండలోకి కారితే పుండు పడి, చర్మం చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. గుండెకు ఆనుకుని ఉండే పెద్ద సిరలో రక్తం ఉరవడిగా పారుతుంది కాబట్టి, మందు అందులో పడీ పడగానే పలచనైపోతుంది. పోర్ట్ అయినా, చేతిలోంచి వెళ్లే పిక్ లైన్ అయినా, ఛాతీ నుంచి బయటికి వేలాడే హిక్‌మన్ లైన్ అయినా గొట్టం కొస చేరేది ఒకే చోటికి: పై పెద్ద సిర గుండె కుడి గదిలో కలిసే చోటు. తేడా అంతా గొట్టం రెండో కొస ఎక్కడ ఉందన్నదే.

గుండె దాకా గొట్టం పోవడం అనగానే చాలామంది భయపడతారు. మా అమ్మా భయపడింది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టర్ తన చేతి నరంలోంచి తానే గొట్టం గుండె దాకా తోసుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 1970ల్లో బ్రోవియాక్, హిక్‌మన్ అనే డాక్టర్ల పేర్లతో బయటికి వేలాడే లైన్లు వచ్చాయి. చర్మం కింద పూర్తిగా దాగే పోర్ట్‌ను అమెరికాలో నీడర్‌హ్యూబర్ బృందం 1982లో వైద్యలోకానికి పరిచయం చేసింది. అంటే ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు. ఈ సంగతి చెప్పాక అమ్మ కాస్త నెమ్మదించింది.

ఎవరికి ఏది

పోర్ట్ అంటే రూపాయి బిళ్ల చుట్టుకొలతలో, కాస్త మందంగా ఉండే చిన్న డబ్బీ. టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. మీద సిలికాన్ మూత, పక్కన సన్నటి గొట్టం. మొత్తం చర్మం కిందే ఉంటుంది. కీమో నెలల తరబడి సాగేవాళ్లకు, మధ్యలో రెండు మూడు వారాలు ఇంటి దగ్గర ఉండేవాళ్లకు ఇదే సుఖం. సూది లేని రోజుల్లో డ్రెస్సింగ్ ఉండదు, స్నానానికి అడ్డు ఉండదు. పనికి కూడా వెళ్లొచ్చు.

పిక్ లైన్ మోచేతికి పైన, జబ్బ లోపలి వైపు నరంలోంచి వెళ్తుంది. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, అల్ట్రాసౌండ్ చూస్తూ మంచం దగ్గరే పెడతారు. ఖర్చు తక్కువ. కానీ కొస బయట ఉంటుంది కాబట్టి వారం వారం డ్రెస్సింగ్, ఫ్లష్ (గొట్టాన్ని సెలైన్‌తో కడగడం) తప్పవు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు సరిపోతుంది. దగ్గర్లో శుభ్రంగా డ్రెస్సింగ్ చేసేవాళ్లు లేని ఊరైతే పిక్ లైన్ గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

హిక్‌మన్ లైన్ ఛాతీ మీద నుంచి బయటికి వేలాడుతుంది. బ్లడ్ క్యాన్సర్‌కు, ఎముక మజ్జ మార్పిడికి రోజూ మందులు, రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన వాళ్లకు ఎక్కువగా పెడతారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టే పర్మ్‌క్యాత్ డయాలసిస్ వాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. దానిలో గాఢమైన హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) నింపి మూసి ఉంచుతారు. ఎవరైనా దాన్ని ముందు బయటికి లాగకుండా సెలైన్ పెట్టేస్తే ఆ హెపారిన్ అంతా ఒంట్లోకి పోయి రక్తస్రావం కావచ్చు. అలాగే మున్ముందు చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలను కలిపి చేసేది) అవసరమయ్యే కిడ్నీ రోగులకు పిక్ లైన్ సాధారణంగా వద్దంటారు. ఆ నరాలు చెడితే ఫిస్టులాకు చోటుండదు. ఇంకో జబ్బుకు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే, కిడ్నీ సమస్య ఉందని మొదటి మాటగా చెప్పండి.

పెట్టించే ముందు

మేము సర్జన్ గారిని అడిగినవి, అడగడం మరిచిపోయి తర్వాత పరుగులు పెట్టినవి కలిపి చెబుతున్నాను.

ఏ వైపు పెడతారు? రొమ్ము ఆపరేషన్ అయినా, కాబోతున్నా పోర్ట్ సాధారణంగా అవతలి వైపు పెడతారు. ఏ నరంలోంచి? ఇప్పుడు చాలాచోట్ల అల్ట్రాసౌండ్ చూస్తూ మెడ నరంలోంచి వెళ్తున్నారు. కాలర్ బోన్ కింది నరంలోంచి వెళ్తే గొట్టం ఆ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నలిగి, ఏళ్లకు తెగే అవకాశం కొద్దిగా ఉంది.

పవర్ పోర్టా, మామూలు పోర్టా? సీటీ స్కాన్‌లో రంగుమందును మెషీన్ ఒత్తిడితో వేగంగా ఎక్కిస్తుంది. దాన్ని తట్టుకునేది పవర్ పోర్ట్. మామూలు పోర్ట్‌లో అలా ఎక్కిస్తే గొట్టం చిట్లవచ్చు. మాకు ఈ సంగతి మొదటి స్కాన్ రోజు టేబుల్ మీద పడుకున్నాక తెలిసింది.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పేర్లు రాసిచ్చి, ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతే చెప్పించుకోండి. సొంతంగా ఆపొద్దు. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష ఎలాగూ చేస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరుగుతుంటే పోర్ట్ ఖర్చు, తర్వాత వాడే సూదుల ఖర్చు అందులోకి వస్తాయో రావో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. డబ్బీ ఒక్కసారి కొంటాం గానీ సూదులు ప్రతి విడతకూ కొనాలి.

ఆడవాళ్ల విషయంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. థియేటర్‌కు వెళ్లే ముందే బ్రా పట్టీ ఎక్కడ పడుతుందో, జాకెట్టు మెడ ఎంత లోతుందో సర్జన్‌కు చూపించి, దానికి దూరంగా పెట్టమని అడగాలి. పెన్నుతో గుర్తు పెడతారు. అమ్మ మొహమాటపడి చెప్పలేదు. పట్టీ సరిగ్గా పోర్ట్ అంచు మీద పడి నెలల తరబడి ఒరుసుకుంది.

పెట్టే రోజు, ఆ తర్వాత రెండు వారాలు

పని గంటలోపే అయిపోతుంది. పెద్దవాళ్లకు ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, కాస్త మగతగా ఉండే మందు ఇస్తారు. పిల్లలకైతే పూర్తి మత్తు. మెడ దగ్గర చిన్న గాటు, ఛాతీ మీద రెండు అంగుళాల లోపు గాటు ఉంటాయి. గొట్టం కొస సరైన చోట ఉందా, ఊపిరితిత్తికి ఏమీ కాలేదా అన్నది ఎక్స్‌రేతో చూస్తారు. అవసరమైతే అదే రోజు కీమో మొదలుపెట్టొచ్చు.

డిశ్చార్జ్ అప్పుడు పోర్ట్ కార్డు అడిగి తీసుకోండి. కంపెనీ, మోడల్, పవర్ పోర్టా కాదా, ఎంఆర్‌ఐకి పనికొస్తుందా అన్నవి అందులో ఉంటాయి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ముగ్గురికి పంపండి. అసలుది రోగి పర్సులో ఉండాలి.

మొదటి మూడు నాలుగు రోజులు మెడ బిగుసుకున్నట్టు, భుజం పట్టేసినట్టు ఉంటుంది. గాయం తడవకూడదు. కుట్లు కరిగిపోయేవో, పది పన్నెండు రోజులకు విప్పాల్సినవో అడగండి. రెండు వారాల దాకా ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తడం, రోలు రుబ్బడం, పై అరలో డబ్బాలు దించడం వద్దు. అలాగని చెయ్యి కదపకుండా ఒంటికి కట్టుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. తల దువ్వుకోవడం, అన్నం తినడం మామూలుగా చేయనివ్వండి. వాపు పెరిగినా, చీము పట్టినా, ఊపిరి అందకపోయినా ఆగకుండా తీసుకెళ్లాలి.

సూది గుచ్చే రోజు పక్కన నిలబడి చూడాల్సినవి

ఈ భాగం తీరిగ్గా చదవండి. పోర్ట్‌కు వచ్చే కష్టాల్లో చాలావాటికి మూలం ఈ పది నిమిషాల్లోనే ఉంది.

మొదటిది సూది. పోర్ట్‌కు హ్యూబర్ సూది తప్ప ఇంకోటి వాడకూడదు. దాని మొన కాస్త వంగి, రంధ్రం పక్కకు ఉంటుంది. అందుకే సిలికాన్ మూతను చీల్చుకుని వెళ్తుందే తప్ప ముక్క కోయదు, సూది తీయగానే మూత మళ్లీ కలుసుకుంటుంది. ఇలా వెయ్యి సార్లకు పైగా గుచ్చినా తట్టుకునేలా మూతను తయారుచేస్తారు. మామూలు సూది మాత్రం మూతలోంచి చిన్న ముక్క తీసేస్తుంది. ఆ చిల్లులోంచి తర్వాత కీమో మందు చర్మం కిందికి కారుతుంది. (పోర్ట్ తెచ్చిన నీడర్‌హ్యూబర్‌తో పేరు కలిసింది గానీ, ఈ సూది రూపశిల్పి రాల్ఫ్ హ్యూబర్ వేరు. ఆయన సియాటిల్‌లో పళ్ల డాక్టర్.)

మాకు జరిగింది చెబుతాను. మూడో విడత తర్వాత అమ్మకు వాంతులు ఆగక, మా ఊరి దగ్గర ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్లాను. నేను మెడికల్ షాపుకు వెళ్లి వచ్చేసరికి అక్కడి కుర్రాడు ఛాతీ మీద ఉబ్బు చూసి "ఇక్కడ లైన్ ఉంది కదా" అని మామూలు సూది గుచ్చేశాడు. అతని మీద కోపం లేదు, అతనికెవరూ చెప్పలేదు. కానీ మరుసటి విడతకు ముందు రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, లీకు లేదని తేలేదాకా మాకు నిద్ర లేదు. ఆ రోజు నుంచి అమ్మ పర్సులో రెండు హ్యూబర్ సూదులు, తెలుగులో రాసిన ఒక చీటీ పెట్టాను: "ఇది కీమోపోర్ట్. హ్యూబర్ సూది తప్ప వేరేది గుచ్చవద్దు. నేర్చుకున్నవారు మాత్రమే ముట్టుకోండి. అత్యవసరమైతే కుడిచేతికి సెలైన్ పెట్టండి." దాని కింద డే కేర్ ఫోన్ నంబర్. మీరూ ఈ రోజే రాసి పెట్టండి.

ఇక వరస ఇది.

1. సిస్టర్ చేతులు కడుక్కుని, మాస్క్ వేసుకుని, స్టెరైల్ గ్లౌజులు వేసుకుంటుంది. రోగి కూడా మాస్క్ వేసుకోవాలి, లేదా ముఖం అవతలికి తిప్పుకోవాలి. మీరు వంగి చూడకండి, మాట్లాడకండి. నోటి తుంపర్లు అక్కడ పడకూడదు.

2. క్లోర్‌హెక్సిడిన్, స్పిరిట్ కలిసిన మందుతో చర్మాన్ని అర నిమిషం రుద్దాలి. తర్వాత దానంతట అదే ఆరాలి. ఊదడం, విసరడం, దూదితో తుడవడం కూడదు. హడావిడిలో ఎక్కువగా తప్పిపోయేది ఈ ఆరబెట్టడమే. "సిస్టర్, ఆరనిద్దామా" అని మెల్లగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మా సిస్టర్ నవ్వి చెయ్యి వెనక్కి తీసుకుంది.

3. రెండు వేళ్లతో డబ్బీని కదలకుండా పట్టుకుని, సూదిని నిట్టనిలువుగా, లోపల అడుగు తగిలేదాకా దించుతారు. పోటు భయం ఉన్నవాళ్లు, పిల్లలు ఉంటే ఓ గంట ముందు మొద్దుబార్చే క్రీమ్ రాసుకోవచ్చా అని అడగండి.

4. సిరంజితో లాగితే రక్తం ధారగా వెనక్కి రావాలి. ఇది చూడకుండా కీమో మొదలుపెట్టనివ్వకండి. రక్తం రావడం అంటే సూది సరైన చోట ఉందని, గొట్టం నరంలో ఉందని గుర్తు.

5. తర్వాత 10 మిల్లీలీటర్ల సెలైన్ ఫ్లష్. సిరంజి కూడా 10 మిల్లీలీటర్లదో అంతకంటే పెద్దదో ఉండాలి. చిన్న సిరంజి అయితే ఒత్తిడి తక్కువ అనుకుంటాం, నిజానికి ఎక్కువ. గొట్టం మూసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడికి చిట్లుతుంది. ఎక్కించేటప్పుడు నొప్పి, మంట, వాపు ఉంటే వెంటనే ఆపమనాలి.

6. సూది కదలకుండా పారదర్శకమైన డ్రెస్సింగ్ అంటిస్తారు. సూది లోపలే ఉంచాల్సి వస్తే ఏడు రోజులకు మించకుండా సూదీ డ్రెస్సింగూ మారుస్తారు. గాజుగుడ్డ డ్రెస్సింగ్ అయితే రెండు రోజులకే. తడిసినా, అంచు లేచినా గడువుతో పని లేకుండా అప్పుడే మార్చాలి.

మందు ఎక్కుతున్నంతసేపూ ఆ చోట పైట కప్పి ఉంచకండి. మంట, తడి, వాపు ఏది కనిపించినా బెల్ కొట్టండి. "చివరికొచ్చింది కదా, ఓర్చుకుందాం" అనుకుంటారు మన పెద్దవాళ్లు. ఆ ఓర్పు ఇక్కడ పనికిరాదు. ఇంకా అయిదు మిల్లీలీటర్లు మిగిలి ఉన్నా సరే ఆపాల్సిందే.

పేగు క్యాన్సర్ ఉన్న కొందరికి 46 గంటల కీమోను బెలూన్ పంపులో పెట్టి ఇంటికి పంపుతారు. అప్పుడు సూది రెండు రోజులు లోపలే ఉంటుంది. పంపును సంచిలో పెట్టి నడుముకు కట్టుకోండి, పడుకునేటప్పుడు దిండు పక్కన పెట్టుకోండి, ఎండలో పెట్టొద్దు. రోజుకు రెండుసార్లు బెలూన్ చిన్నదవుతోందో లేదో చూడండి. సూది ఊడినా, మందు ఒలికినా గొట్టం క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) బిగించి, గ్లౌజులతో తుడిచి, ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఇంటికి పంపేటప్పుడు ఒలికిపోతే వాడే సామగ్రి ఇస్తారేమో అడగండి.

ఫ్లష్, హెపారిన్

మందు అయిపోయాక సెలైన్‌ను ఒకేసారి తోసేయకుండా కొద్దిగా తోసి, ఆపి, మళ్లీ తోస్తూ ఎక్కిస్తారు. అప్పుడు లోపల సుడి తిరిగి గోడలకు అంటుకున్నది కడుక్కుపోతుంది. రక్తం తీసినా, ఎక్కించినా 20 మిల్లీలీటర్లు వాడతారు. చివరి చుక్కలు తోస్తూ ఉండగానే క్లాంప్ వేయాలి, లేకపోతే గొట్టం కొసలోకి రక్తం వెనక్కి పీల్చుకుని గడ్డకడుతుంది.

ఆ తర్వాత కొన్ని ఆస్పత్రుల్లో హెపారిన్ నింపుతారు, కొన్నిచోట్ల సెలైన్ మాత్రమే. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. హెపారిన్ అయితే మిల్లీలీటర్‌కు 100 యూనిట్ల బలం ఎక్కువగా వాడతారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన మందుల షాపుల్లో హెపారిన్ సీసాలు మిల్లీలీటర్‌కు 1000 యూనిట్లవీ, 5000 యూనిట్లవీ దొరుకుతాయి. చీటీ మీద "హెపారిన్" అని మాత్రమే ఉంటే షాపువాడు ఏదైనా ఇస్తాడు. పలచన చేయకుండా నింపితే ప్రమాదం. ఏ బలం సీసా తేవాలో చీటీ మీద రాయించుకోండి, కలిపేటప్పుడు సీసా మీద అంకె సిస్టర్‌తో పాటు మీరూ చదవండి. ఇంతకుముందు హెపారిన్‌తో ప్లేట్‌లెట్లు పడిపోయిన చరిత్ర ఉంటే అది తప్పక చెప్పాలి.

కీమో లేని నెలల్లో పోర్ట్‌ను నాలుగు వారాలకోసారి ఫ్లష్ చేయించడం పాత అలవాటు. ఇప్పుడు చాలాచోట్ల మూడు నెలల దాకా పొడిగిస్తున్నారు. మీ డాక్టర్ చెప్పిన గడువే మీకు లెక్క. మా ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాళ్లం. పండగలు, పెళ్లిళ్లు వెతుక్కుంటూ అందరూ చూసే క్యాలెండర్ కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేసేవారు. పిక్ లైన్‌కు వాడని రోజుల్లో కూడా కనీసం వారానికోసారి ఫ్లష్ కావాలి.

రక్తం వెనక్కి రాకపోతే

సెలైన్ లోపలికి పోతుంది, లాగితే మాత్రం రక్తం రాదు. ఇది తరచుగా జరిగేదే. గొట్టం కొస చుట్టూ ఫైబ్రిన్ అనే పలచని పొర కడుతుంది. తోసినప్పుడు పొర తెరుచుకుంటుంది, లాగినప్పుడు మూత పడుతుంది. కొన్నిసార్లు కొస నరం గోడకు ఆనుకుని ఉంటుంది. అందుకే ముందు చెయ్యి పైకెత్తమంటారు, గట్టిగా దగ్గమంటారు, పక్కకు తిరగమంటారు. మంచం మీద లేపి కూర్చోబెడతారు. అమ్మకు ఎడమవైపు తిరిగి దగ్గితే వచ్చేది, అది మేము ఫైలు మీదే రాసిపెట్టాం. అయినా రాకపోతే సూది మార్చి చూస్తారు. ఆ తర్వాత గడ్డను కరిగించే మందు, అల్టెప్లేజ్ అయితే 2 మిల్లీగ్రాములు, గొట్టంలో నింపి అర గంట నుంచి రెండు గంటలు ఆగుతారు. చాలామందికి దీంతో తెరుచుకుంటుంది.

"లోపలికి పోతోంది కదా, ఎక్కించేద్దాం" అని ఎవరైనా అంటే, ముఖ్యంగా ఘాటైన మందు విషయంలో, ఒప్పుకోకండి. ఎక్స్‌రే తీసి, కొస ఎక్కడుందో చూశాకే. చెయ్యి ఎత్తినప్పుడు మాత్రమే మందు పోతుంటే గొట్టం ఎముకల మధ్య నలుగుతోందేమో చూడమని అడగండి. ఇక ఆ వైపు మెడ, చెయ్యి, ముఖం వాచినా, ఛాతీ మీద కొత్తగా నరాలు ఉబ్బి కనిపించినా పెద్ద నరంలో గడ్డ కట్టిందేమో స్కాన్ చేస్తారు. రక్తం పలచబడే మందులు వాడతారు. పోర్ట్ పనిచేస్తుంటే చాలాసార్లు దాన్ని తీయాల్సిన పని ఉండదు.

జ్వరం

ఇంట్లో థర్మామీటర్ లేకుండా పోర్ట్‌తో ఉండకూడదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, అది అర్ధరాత్రి అయినా, ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. కీమో తర్వాత తెల్లకణాలు తగ్గి ఉన్న రోజుల్లో జ్వరం గంటల్లో ప్రాణాల మీదికి తెస్తుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. అందుకే క్యాజువాల్టీలో అడుగు పెట్టగానే అనాల్సిన మాట ఇది: "కీమో నడుస్తోంది, పోర్ట్ ఉంది, జ్వరం వచ్చింది." మిగతా చరిత్రంతా తర్వాత చెప్పొచ్చు.

పోర్ట్ ఇన్‌ఫెక్షన్‌కు ప్రత్యేకమైన గుర్తు ఒకటుంది. ఫ్లష్ చేసిన గంట లోపల ఒళ్లంతా గజగజ వణుకుతూ చలి వస్తుంది. అమ్మకు సరిగ్గా అలాగే వచ్చింది. పద్నాలుగో నెలలో ఫ్లష్ చేయించి బస్సెక్కాం. ఊరి దారిలో వణుకు మొదలైంది. "ఏసీ బస్సు కదా నాన్నా, చలేస్తోంది అంతే" అంది అమ్మ. నేనూ నమ్మి దుప్పటి కప్పి, ఇంటికెళ్లి పారాసిటమాల్ వేశాను. మాత్ర జ్వరాన్ని దించింది, లోపల ఉన్నదాన్ని దించలేదు. తెల్లారేసరికి అమ్మకు బీపీ పడిపోయింది. ఆ రాత్రి మేము పోగొట్టుకున్న ఎనిమిది గంటలు ఇంకెవరూ పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను. డాక్టర్ చెప్పకుండా మాత్రతో జ్వరాన్ని కప్పిపెట్టవద్దు.

ఆస్పత్రిలో యాంటీబయాటిక్‌కు ముందు రెండు చోట్ల నుంచి, పోర్ట్ నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి, ఒకే సమయంలో రక్తం తీసి కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపాలి. చేతి రక్తంలో కంటే పోర్ట్ రక్తంలో క్రిమి కనీసం రెండు గంటలు ముందుగా పెరిగితే మూలం పోర్టే అని అర్థం. కొన్ని క్రిములైతే పోర్ట్‌లోనే మందు నింపి కాపాడొచ్చు. స్టాఫిలోకాకస్ ఆరియస్, క్యాండిడా లాంటివి అయితే తీసేయమంటారు. మాది కాపాడదగ్గదే అయింది. తీసేయాల్సిందే అంటే మాత్రం ఖర్చుపెట్టి పెట్టించాం కదా అని వెనకాడకండి.

డబ్బీ పైన చర్మం ఎర్రబడ్డా, వేడిగా ఉన్నా, పలచబడి లోపలి లోహం మెరిసినట్టు కనిపించినా ఆ చోట సూది గుచ్చనివ్వకుండా ముందు డాక్టర్‌కు చూపించండి.

పిక్ లైన్, హిక్‌మన్ ఉన్నవాళ్లు ఇంట్లో

రోజూ ఒకసారి వెలుతురులో డ్రెస్సింగ్ మీదుగా చూడండి. ఎరుపు, చీము, తడి ఉన్నాయా? పిక్ గొట్టం బయట ఎన్ని సెంటీమీటర్లు ఉందో మొదటి రోజే రాసుకోండి. ఆ అంకె మారితే లోపలి కొస కూడా జరిగినట్టే. బయటికి వచ్చిన గొట్టాన్ని మళ్లీ లోపలికి తోయకూడదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు. గాజులు పై దాకా జరిగేలా వేసుకోవద్దు, జాకెట్టు చెయ్యి వదులుగా కుట్టించుకోవాలి. స్నానానికి డ్రెస్సింగ్ చుట్టూ ప్లాస్టిక్ కవర్ చుట్టి, అంచులు టేప్ వేసి, ఆ చెయ్యి పక్కకు పెట్టి చెంబుతో పోసుకోవాలి. కోనేరు, కాలువ, పుష్కర స్నానం ఈ లైన్లు ఉన్నన్నాళ్లూ వద్దు. నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. మూత విప్పే ప్రతిసారీ కొసను స్పిరిట్ స్వాబ్‌తో పదిహేను సెకన్లు గట్టిగా తిప్పి రుద్ది, ఆరనివ్వాలి. దగ్గర్లో కత్తెర పెట్టొద్దు. డ్రెస్సింగ్ కోయబోయి గొట్టం కోసుకున్న సందర్భాలున్నాయి.

గొట్టం తెగితే, చిట్లితే, తెగిన చోటికీ ఒంటికీ మధ్య మడిచి గట్టిగా పట్టుకోవాలి, క్లాంప్ ఉంటే వేయాలి. గాలి లోపలికి పోకుండా ఆపడమే మొదటి పని. ఒక్కసారిగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఎడమవైపు పడుకోబెట్టి, తల కాస్త కిందికి ఉంచి 108కి ఫోన్ చేయండి. ఈ లైన్లు ఉన్న ఇంట్లో ఒక క్లాంప్ మంచం పక్కన ఎప్పుడూ ఉండాలి.

పోర్ట్‌తో రోజులు

గాయం మానాక వంట, పొలం, ఆఫీసు, ప్రయాణం దేనికీ అడ్డు లేదు. మెడలో నల్లపూసలు, సూత్రాల గొలుసు డబ్బీ మీద పడకుండా చిన్న పిన్నుతో పక్కకు పెట్టుకోవచ్చు. కారు బెల్టు ఒత్తుకుంటే మధ్యలో చిన్న మెత్త పెట్టుకోండి, బెల్టు మానొద్దు. ఆ వైపు భుజానికి బరువు సంచి వేలాడదీయొద్దు. మనవలు ఎగిరి ఛాతీ మీద పడతారు, వాళ్లకు ముందే చెప్పండి. మా చెల్లి కూతురికి "అమ్మమ్మకు ఇక్కడ మందుల డబ్బా ఉంది" అని చూపించాం. ఆ పిల్ల తర్వాత ఎవరు దగ్గరికొచ్చినా చెయ్యి అడ్డం పెట్టేది.

తీయించడం

వైద్యం పూర్తయిందని వెంటనే తీయించమని తొందరపడకండి. ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు కూడా. ఉన్నన్నాళ్లూ ఫ్లష్ ఖర్చు, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటాయి. మళ్లీ అవసరపడే అవకాశం ఎంత అన్నది చూసి డాక్టర్ చెబుతారు. మాకు చివరి కీమో తర్వాత స్కాన్లు రెండుసార్లు బాగున్నాక తీశారు. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, పాత గాటు మీదుగానే అరగంటలో పని పూర్తి చేశారు. గొట్టం పూర్తి పొడవుతో, కొస తెగకుండా వచ్చిందో లేదో అప్పుడే చూస్తారు. మీరూ అడిగి, డిశ్చార్జ్ కాగితంలో రాయించండి. కాసేపు ఒత్తిపెట్టి, కుట్లు వేసి, అదే రోజు పంపేస్తారు. వారం పది రోజులు గాయం తడవనీయకూడదు, బరువులెత్తకూడదు.

రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసిన చేతిని రక్తపరీక్షలకు, బీపీకి వాడనివ్వకండి. అమ్మకు అది ఎడమ చెయ్యి. కుడిచేతిలో మొదట గట్టిపడ్డ నరం ఇరవై నెలలకు కాస్త మెత్తబడింది. ఇప్పుడు మూడు నెలలకోసారి జరిగే పరీక్షలకు సిస్టర్ అక్కడే ఒక్క పోటుతో రక్తం తీస్తోంది.